ఇరుకు దారిలో దూరపు మాట



దూరముననున్న తనవారితో నోరార మాటలాడవలెనను కోరిక మనుష్యునకు నేటిది కాదు. ఆ కోరిక తీరిన విధమునకు మాత్రము నూటయేబది సంవత్సరములకు మించిన చరిత్ర లేదు. అందులో మన కన్నులయెదుట జరిగిన భాగమొకటి కలదు. ఇంటికి వచ్చిన సన్నని బ్రాడ్‌బ్యాండు తీగమీద, ఇంటర్నెట్టు మూలమున, పరదేశమందున్న కొడుకుతోనో కూతురితోనో మాటలాడుట యనునదే ఆ భాగము. అది యెట్లు సాధ్యమయ్యెను? నడుమ నడుమ మాట యేల తెగును? ఆ తెగుటకు బాధ్యులెవరు? ఈ మూడు ప్రశ్నలకును చరిత్రలో సమాధానము కలదు. దానిని మీకు విన్నవించుటయే ఈనాటి నా ప్రసంగోద్దేశము.

మొదట ఒక్కమాట. ఫోనులో మాట సరిగా వినబడనప్పుడు మన పెద్దలు "నా చెవులు మందగించినవి" అనియో, "ఈ యంత్రములు మావంటివారికి అచ్చిరావు" అనియో తమ్ము తామే నిందించుకొందురు. ఇట్లనుకొనుట నేను పలుయిండ్లలో విన్నాను. ఆ నింద న్యాయమైనది కాదు. లోపము చెవిలో లేదు, దారిలో ఉన్నది. ఆ దారి యెట్టిదో తెలిసికొన్నవాడు తన్ను తాను నిందించుకొనడు. అడుగవలసినవారిని అడుగవలసిన ప్రశ్న అడుగును.

మన దేశమున దూరవార్తకు మొదటి వాహనము తంతి. 1850లో కలకత్తాకును డైమండు హార్బరునకును నడుమ ప్రయోగముగా తీగ వేసిరి. తంతి మాటను మోయలేదు. మాటకు బదులు గుర్తులను మోసెను. వార్త చేరెడిది గాని గొంతు చేరెడిది కాదు. తంతి వచ్చినదన్నంతనే ఇంటిల్లిపాదికిని గుండె ఝల్లుమనుట మీలో పలువురెఱిగినదే. ఆ తంతి సేవ మన దేశమున 2013 జూలైలో ముగిసెను.

గొంతును మోసిన మొదటి తీగ టెలిఫోనుది. అలెగ్జాండరు గ్రాహాము బెల్లు 1876 మార్చిలో దానికి పేటెంటు పొంది, ఆ నెలలోనే వేఱొక గదిలోని సహాయకుని తీగపై పిలిచెను. ఆఱేండ్లు నిండకముందే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెఱవబడెను. ఆ పద్ధతికి ఒక ధర్మము కలదు. ఇద్దఱు మాటలాడుచున్నంతసేపును వారిరువురి నడుమ దారి యంతయు వారిదే. వారు మాటలాడినను, మౌనముగా నున్నను, ఆ దారిలో మఱియొకరికి చోటు లేదు. రాజుగారు పయనమైనప్పుడు బాట యంతయు మూసివేసినట్లుండెడిది. మాట స్పష్టముగా వచ్చెడిది. కాని వెల మాత్రము రాజోచితముగనే ఉండెడిది.

ట్రంకు కాలు పెట్టి తపాలా కార్యాలయపు బల్లమీద గంటలకొలది కూర్చున్నవారు మీలో ఉందురు. మామూలు కాలు, అర్జెంటు కాలు, లైట్నింగు కాలు అని అందులోను తారతమ్యములు. 1960లో కాన్పూరు, లక్నో నగరముల నడుమ, నడిమి ఉద్యోగి యక్కఱలేక చందాదారులే నేరుగా పిలుచుకొను ఎస్.టి.డి. పద్ధతి మొదలయ్యెను. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థవారు మన యెండలకు, మన దుమ్మునకు ఓర్చు చిన్న ఎక్స్ఛేంజీని నిర్మించి, 1986లో కర్ణాటకమందలి కిత్తూరులో నెలకొల్పిరి. అటుపిమ్మట పల్లెటూళ్ల కూడళ్లలో సయితము పచ్చని అక్షరముల ఎస్.టి.డి. బూతులు వెలసెను. అయినను విదేశములకు మాటలాడుట ధనికుల పనిగనే యుండెను. 1990ల నాడు అమెరికాకు ఒక్క నిమిషము మాటలాడిన ఏబది రూపాయలకు పైబడి అయ్యెడిది. బూతులోని గడియారపు అంకెలు తిరుగుచుండగా, చెప్పదలచినది మఱచి, "బాగున్నావా, బాగున్నాను" అని పెట్టివేసిన తల్లులు ఎందఱో!

ఇంతలో మఱియొక పద్ధతి వేఱొకచోట పెరుగుచుండెను. దానికి రెండు మూలములు. మొదటిది, గొంతును అంకెలుగా మార్చుట. ఇంగ్లాండు దేశస్థుడైన అలెక్ రీవ్సు పారిసులో పనిచేయుచు 1937లో ఈ యూహ చేసి, మఱుసటి సంవత్సరము ఫ్రాన్సులో పేటెంటు తీసికొనెను. గొంతు తరంగమును సెకనునకు వేలసార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా వ్రాసి పంపినచో, అవతలివైపున ఆ అంకెలను బట్టి తరంగమును మరల కట్టవచ్చును. టెలిఫోనులకు తరువాత స్థిరపడిన లెక్క యిది: సెకనునకు 8,000 కొలతలు, ఒక్కొక్క కొలతకు 8 గుర్తులు, వెరసి 64,000 గుర్తులు. ఈ గుర్తును బిట్టు అందురు. వేయి బిట్లు ఒక కిలోబిట్టు. కావున ఒక మనుష్యుని గొంతు అంకెలలో సెకనునకు 64 కిలోబిట్ల బరువు. ఈ బరువును జ్ఞాపకముంచుకొనుడు. మన కథ యంతయు దీనిచుట్టునే తిరుగును.

రెండవ మూలము, వార్తను పొట్లములుగా విడగొట్టుట. 1960లలో అమెరికాలో పాల్ బేరనును, ఇంగ్లాండులో డొనాల్డు డేవిసును, ఒకరి సంగతి యొకరికి తెలియకయే ఈ పద్ధతిని కనుగొనిరి. పెద్ద గ్రంథమును ఏటాకు ఆటా విడదీసి, ఒక్కొక్క ఆకును వేఱువేఱు కవరులో పెట్టి, పై చిరునామాయు, ఆకు సంఖ్యయు వ్రాసి తపాలాలో వేసినట్లనుకొనుడు. ఏ కవరు ఏ దారిని పోయినను సరే, చేరినచోట సంఖ్య ప్రకారము కూర్చుకొన్నచో గ్రంథము సిద్ధము. ఈ కవరులకే పాకెట్లని పేరు. దీనివలన దారి యొకరిసొత్తు కాక పదిమందిదగును. ఒకరు మౌనముగా నున్న క్షణమున ఇంకొకరి కవరు పోవును. ఈ పద్ధతిపై 1969 అక్టోబరులో అమెరికాలో ఆర్పానెట్టు మొదటి వార్తను పంపెను. నేటి ఇంటర్నెట్టునకు అదియే పూర్వరూపము.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. ఆర్పానెట్టు తీగల శక్తి సెకనునకు 50 కిలోబిట్లు. గొంతు బరువో 64. అనగా, అప్పటి ఇంటర్నెట్టు ప్రధాన మార్గమున ఒక్క మనుష్యుని గొంతునకైనను చోటు చాలదు! ఇరుకు దారిలో మాట పంపుట యనునది పల్లెవారికి వచ్చిన తంటా యని మనమనుకొందుము. అది మొదటినుండియు ఉన్న తంటాయే. ఈ విద్య ఇరుకులోనే పుట్టినది.

ఈ చిక్కును విడదీసినది పొదుపు. గొంతును పొదుపుగా పంపు ఆలోచనకు అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు హోమర్ డడ్లీ 1930లలో దారి తీసెను. వీణానాదమును అవతలియూరికి మోసికొనిపోనక్కఱలేదు. స్వరములు వ్రాసి పంపిన అచ్చటి వీణపై వాయించుకొందురు. అట్లే గొంతును మోయక, గొంతు పలికిన తీరును మాత్రము పంపినచో, అవతలియంత్రము ఆ తీరున పలుకును. ఆ ప్రయోగశాలలోనే ఈ విద్యను పరిపక్వము చేసినవారిలో ముఖ్యుడు మన దేశమువాడు, బిష్ణు అటల్. ఆయన కాన్పూరులో పుట్టి, లక్నోలో చదివి, బెంగుళూరులోని విజ్ఞానసంస్థలో పనిచేసి, అమెరికాకు వెళ్లెను. జపానులో ఇటాకురా, సైటో అనువారును ఇదే కాలమున ఇదే దారిని నడిచిరి.

వారి ఉపాయమును కరణముగారి లెక్కతో పోల్చి చెప్పవచ్చును. ప్రతిదినము ఖాతా యంతయు తిరుగవ్రాయక, నిన్నటి నిలువకును నేటి నిలువకును గల తేడా మాత్రమే వ్రాసికొన్నచో కాగితము మిగులును. గొంతు తరంగము కూడ క్షణక్షణము క్రొత్తది కాదు. గడచిన కొలతలనుబట్టి రాబోవు కొలతను చాలవఱకు ఊహింపవచ్చును. ఊహకు మిగిలిన తేడాను మాత్రమే పంపిన చాలును. 1985లో అటలును, ఆయన సహచరుడు ష్రోడరును ప్రకటించిన పద్ధతి యీ విద్యలో పెద్ద మెట్టు. ఒక్క సెకను మాటను ఆ పద్ధతిని కుదించుటకు నాటి మహాయంత్రమునకు రెండు నిమిషములకు పైగా పట్టెను. ఆ పనినే నేడు జేబులోని ఫోను మాటతోపాటు చేసివేయుచున్నది.

ఆర్పానెట్టుపై మాట పంపు ప్రయత్నమునకు డానీ కోహెన్ నాయకుడు. 1974లో కాలిఫోర్నియాకును, మాసచూసెట్సునందలి లింకన్ ప్రయోగశాలకును నడుమ పొట్లములపై మాట నడచెను. ఆ సంవత్సరాంతమునకు, సెకనునకు 3.5 కిలోబిట్లతో, అనగా మామూలు బరువులో పదునెనిమిదవ వంతుతో, అర్థమగునట్లు మాటలాడగలిగిరి.

కోహెన్ పట్టుకొన్న సూత్రము మఱియొకటి కలదు. పుస్తకపు ఆకు పోయినచో తిరిగి తెప్పించుకొనవచ్చును; ఆలస్యమైనను విలువ తగ్గదు. మాట అట్టిది కాదు. ఆలస్యముగా వచ్చిన మాటకు విలువ లేదు. ముహూర్తము దాటిన పిమ్మట వచ్చిన పురోహితునివంటిది. కావున మాటలో పోయిన పొట్లమును పోనిచ్చి, వచ్చినవానితో ముందుకు సాగవలెను. అంతవఱకు ఇంటర్నెట్టు కట్టడలు పోయిన ప్రతి పొట్లమును మరల తెప్పించునవిగా రచింపబడుచుండెను. కోహెన్ ప్రభృతుల వాదమువలన 1978లో ఆ కట్టడను రెండుగా విడదీసి, మాటవంటి అవసరములకు వేఱు దారి ఏర్పఱచిరి. ఆ దారికి యు.డి.పి. యని పేరు, 1980లో అది వ్రాతకెక్కెను. నేటికిని ఇంటర్నెట్టు మాటలు సాధారణముగా ఆ దారిననే పోవుచున్నవి.

ఈ విద్య పరిశోధకుల గదులు దాటి బజారుకు వచ్చుటకు 1995 వఱకు పట్టినది. ఆ సంవత్సరము ఇజ్రాయెలు దేశపు వోకల్‌టెక్ సంస్థ ఇంటిలోని కంప్యూటరుతో మాటలాడుటకు వీలగు సాధనమును అమ్మకమునకు పెట్టెను. మొదట ఒకరు మాటలాడుచుండగా రెండవవారు ఊరకుండవలసి వచ్చెడిది. పోలీసువారి వైర్లెస్సువలె, ఒకరి వంతు ముగిసిన తరువాతనే ఇంకొకరి వంతు. మన యిండ్లలో కథ చెప్పువారికి "ఊఁ" కొట్టువాడు లేనిచో కథ సాగదు గదా! ఆ సాధనములో ఊఁకొట్టుటకు తావు లేదు. అయినను విదేశపు మాట స్థానికపు కాలు ఖర్చుతో సాధ్యమగుటచే జనము దానిని ఆదరించిరి.

అదే 1995లో, ఆగస్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ మన దేశమున ఇంటర్నెట్టును ప్రజలకు తెఱచెను. కాని ఇంటర్నెట్టుపై మాటలాడుట మాత్రము మన దేశమున నిషిద్ధము. ఇంటర్నెట్టు సంస్థల అనుమతిపత్రములలోనే ఆ నిషేధముండెను. కారణము కష్టమైనది కాదు. విదేశపు కాళ్లపై వచ్చు ఆదాయము ఆ సంస్థకే చెందియుండెను. చౌక దారి తెఱచినచో ఆ రాబడికి గండి పడును. ఆ రాబడితో పల్లెలకు తీగలు వేయుదుమను వాదమును త్రోసివేయరానిదే. కాని ఆ పల్లెలనుండియే గల్ఫునకు వలసపోయిన కూలివాని యింటికి మాట అందని సరకైనదనుటయు నిజమే. 2002 ఏప్రిల్ 1వ తేదీన ఆ సంస్థ గుత్తాధికారమును, ఈ నిషేధమును ఒకేనాడు తొలగెను. కంప్యూటరునుండి కంప్యూటరునకును, ఇచ్చటి కంప్యూటరునుండి విదేశపు టెలిఫోనునకును మాటలాడుటకు అనుమతి వచ్చెను. దేశములోని మామూలు టెలిఫోను సంఖ్యలతో దానిని కలుపుటకు 2018 వఱకు ఆగవలసి వచ్చెను.

మఱుసటి సంవత్సరము, 2003 ఆగస్టులో, స్కైప్ వెలసెను. స్వీడను, డెన్మార్కు దేశస్థులిరువురు దానిని స్థాపింపగా, ఎస్టోనియా యువకులు దాని యంత్రాంగమును వ్రాసిరి. కాలు వెల లేకుండ మాట యనునది దానితో ఇంటింటి మాటయయ్యెను. ఆ స్కైప్ ఇరువదియొక్క సంవత్సరములు దాటి జీవించి, 2025 మే నెలలో మూతపడినది. ఒక తరమువారి బెంగను తీర్చిన సాధనమది.

ఇక బ్రాడ్‌బ్యాండు. 2004 అక్టోబరులో భారత ప్రభుత్వమువారు బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించిరి. ఎల్లప్పుడును తెఱచియుండి, ఇంటికి దిగివచ్చు వేగము సెకనునకు 256 కిలోబిట్లకు తగ్గనిది బ్రాడ్‌బ్యాండు అని అందు నిర్వచించిరి. 2005 జనవరిలో ప్రభుత్వ టెలిఫోను సంస్థ ఆ సేవను మొదలుపెట్టెను. పాత టెలిఫోను రాగి తీగయే దానికి ఆధారము. గొంతునకు ఆ తీగలో క్రింది అంతస్తు చాలును. పై అంతస్తులు ఖాళీగా పడియుండెను. ఆ ఖాళీలో అంకెలను పంపుటయే ఏ.డి.ఎస్.ఎల్. పద్ధతి. ఎక్స్ఛేంజీకి దూరమైనకొలది దాని శక్తి సన్నగిల్లును. అయిదు కిలోమీటర్లు దాటిన మిగులునది స్వల్పము. ఊరి చివర యింటివారికి కాలువ చివర పొలమువారి గతియే పట్టినది.

ఆ పద్ధతికి మఱియొక గుణము కలదు. దిగివచ్చు దారి వెడల్పు, ఎక్కిపోవు దారి ఇరుకు. చదువుటకు, చూచుటకు అది చాలును. వచ్చునది యెక్కువ, పోవునది తక్కువ గదా. కాని సంభాషణలో వినుట యెంతయో పలుకుట అంతయే. మన మాట పోవునది ఆ యిరుకు దారిననే. తల్లికి కొడుకు గొంతు చక్కగా వినబడుచు, ఆమె గొంతు మాత్రము కొడుకునకు ముక్కలు ముక్కలుగా చేరుట మీరు చూచియుందురు. ఆమె బిగ్గరగా అఱచినను ఫలములేదు. అఱపువలన దారి వెడల్పు కాదు.

చిన్న లెక్క యొకటి చూడుడు. 1996లో ఆమోదింపబడిన జీ.729 అను పొదుపు పద్ధతిలో గొంతు బరువు సెకనునకు 8 కిలోబిట్లు. దానిని సెకనునకు 50 పొట్లములుగా కట్టి పంపుదుమనుకొందము. ఒక్కొక్క పొట్లములో మాట 20 బైట్లు, అనగా 160 బిట్లు. పైన చిరునామా, సంఖ్య మొదలగువాని కవరు 40 బైట్లు. ఉత్తరముకంటె కవరు రెండింతల బరువు! వెరసి 8 కిలోబిట్ల మాట 24 కిలోబిట్లై బయలుదేరును. 64 కిలోబిట్ల మామూలు మాట ఈ కవరులతో 80 అగును. అయినను 128 కిలోబిట్ల దారిలో పొదుపుమాటకు చోటు పుష్కలముగా ఉన్నట్లే కదా! మఱి తెగుట యెందుకు?

గడ్డిబండి వలన. సన్నని సందులో గడ్డిబండి దూరినదనుకొనుడు. వెనుక ఉత్తరము చేతబట్టుకొని నడుచు తపాలా బంట్రోతు ఉన్నాడు. ఉత్తరము బరువు లేనిదే. కాని బండి సందు దాటువఱకు ఆయన ఆగవలెను. ఇంటిలో ఎవరో ఒకరు ఫోటోను పంపునప్పుడు దాని పొట్లములు ఒక్కొక్కటి 1,500 బైట్లు, అనగా 12,000 బిట్లు. 128 కిలోబిట్ల దారిలో ఒక్క గడ్డిబండి దాటుటకు సెకనులో సుమారు పదవ వంతు పట్టును. మాటల పొట్లములో ఏబదవవంతు సెకనున కొకటి చొప్పున పోవలయును. ఒక్క బండి వెనుక అయిదు ఉత్తరములు నిలిచిపోవును. బండ్లు పది వరుసగా వచ్చిన సెకను పూర్తిగా గడచిపోవును. లోపము ఎవరి గొంతుదియు కాదు. బంట్రోతును ముందు పోనిచ్చి బండిని తరువాత పంపు ఏర్పాటు యంత్రమున లేకపోవుటయే లోపము. ఇట్టి బారుల దోషమును 2010 ప్రాంతమున జిమ్ గెట్టిసు లోకమునకు చాటగా, 2012లో నికల్సు, జాకబ్సను అనువారు దానికొక మంచి చికిత్సను ప్రకటించిరి.

పొట్లములు ఎగుడుదిగుడుగా వచ్చినను మాట సమముగా వినిపించుటకు ఒక ఉపాయము కలదు. కాలువనీరు ఒకనాడు ఎక్కువగను ఒకనాడు తక్కువగను వచ్చినను, చెఱువులో నిలిపి తూము ద్వారా విడిచినచో చేనికి సమముగా పాఱును. అట్లే వచ్చిన పొట్లములను చిన్న చెఱువులో క్షణకాలము నిలిపి, వరుసగా విడుతురు. చెఱువు లోతైనకొలది మాట సమమగును. కాని ఆలస్యము పెరుగును. మాట ఒకవైపున చేరుటకు సెకనులో ఏడవ వంతు, అనగా 150 మిల్లీసెకన్ల లోపు పట్టిన సంభాషణ సహజముగా సాగుననియు, 400 దాటుట తగదనియు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘమువారు నిర్ణయించిరి. సమత్వమా, శీఘ్రతయా? ఇరుకు దారిలో రెండును దొరకవు.

ఈ ఆలస్యము కేవలము యంత్రపు సంగతి కాదు. అది మనస్సులను చేరును. ఇక్కడి తల్లి ప్రశ్న అడిగి సమాధానము కొఱకు చూచును. ఒక సెకను మౌనము. "వీడికి నాతో మాటలాడ మనసు లేదు" అని ఆమెకు తోచును. అవతలి కొడుకు ఊఁకొట్టుచునే యున్నాడు. ఆ "ఊఁ" ఆలస్యముగా చేరి, ఆమె తరువాతి మాటకు అడ్డుపడును. "నా మాట పూర్తికాకమునుపే ఎదురు చెప్పుచున్నాడు" అని ఆమె ఆగును. ఆమె ఆగుట వానికి కినుకవలె తోచును. జర్మనీ పరిశోధకులు 2014లో ప్రకటించిన పరీక్షలో ఇదియే తేలినది. దారిలో ఆలస్యము కలిగించినప్పుడు జనులు దారిని తప్పుపట్టక, అవతలివ్యక్తి శ్రద్ధలేనివాడని భావించిరట. యంత్రపు లోపము బంధువు గుణమునకు అంటగట్టబడినది! పెద్దలారా, దూరదేశపు బిడ్డ పలుకు చల్లగా తోచినప్పుడు, నిశ్చయమునకు వచ్చుటకు ముందు ఆ చల్లదనము దారిదేమో యని యొకసారి తలపోయుడు.

ఇట్టి ఇరుకులోనే మన తెలుగువారు మాటలాడుకొనిరి. ప్రభుత్వ సంస్థవారి యొక పథకములో తెల్లవాఱుజాము 2 గంటలు మొదలు 8 గంటల వఱకు వాడుకకు లెక్క లేకుండెను. ఇక్కడ 5 గంటలైనప్పుడు న్యూయార్కున ముందటినాటి సాయంకాలము. పిల్లలు పనినుండి యింటికి చేరు వేళకు ఇక్కడి తల్లిదండ్రులు కోడికూతతో లేచి కంప్యూటరు ముందు కూర్చుండిరి. బొమ్మ కావలెనన్న మాట తెగును; మాట కావలెనన్న బొమ్మ ఆపవలెను. బొమ్మను ఆపి మాటను నిలుపుకొన్న యిండ్లే యెక్కువ. చూపుకంటె పలుకు ముఖ్యమని ఆ దంపతులు గ్రహించిరి; కోహెన్ ప్రభృతులు కనుగొన్న పొదుపు నీతియు అదియే.

ఇప్పటికిని ఆ నీతి పనికివచ్చును. మాట తెగుచున్నప్పుడు బొమ్మను ఆపుడు. ఇంటిలో ఫోటోలు, సినిమాలు పంపువారిని కొంతసేపు ఆగుమనుడు. పెట్టెకు దగ్గఱగా కూర్చుండుడు. ఒకరి మాట ముగిసినట్లు తెలియునట్లు, "అదీ సంగతి, నీవు చెప్పు" అని వంతు అప్పగించుడు. బిగ్గరగా అఱవకుడు.

అయితే బాధ్యత యంతయు మన నెత్తిన వేసికొనరాదు. ప్రభుత్వమువారు బ్రాడ్‌బ్యాండు నిర్వచనమును 2013లో 512 కిలోబిట్లకును, 2023 జనవరిలో 2 మెగాబిట్లకును, అనగా 2,000 కిలోబిట్లకును పెంచిరి. సంతోషమే. కాని ఈ మూడు నిర్వచనములలోను లెక్కించినది దిగివచ్చు వేగమును మాత్రమే. ఎక్కిపోవు వేగమున కచ్చట కనీసపు కొలత లేదు. మనము వినుటకు హక్కు వ్రాసినారు గాని పలుకుటకు వ్రాయలేదు. గ్రామమును కేవలము వినునదిగా ఎంచినవాడే ఇట్టి కొలత వ్రాయగలడు.

మాట దారికి వేఱుగా వెల కట్టు ప్రయత్నమును కూడ మనము చూచినాము. 2014 డిసెంబరులో ఒక పెద్ద ప్రైవేటు సంస్థ ఇంటర్నెట్టు మాటలకు ప్రత్యేకముగా రుసుము విధింపబోయి, జనుల అభ్యంతరముచే వెనుకకు తగ్గెను. 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ సరకునుబట్టి వెల మార్చు పద్ధతిని నిషేధించెను. అడిగినవారుండుటచేతనే ఆ నిషేధము వచ్చినది.

దారులు వెడల్పగుచున్నవి. కాని ఒక విపరీతము కూడ జరుగుచున్నది. నగరములలో వెడల్పు దారులున్నవారు తమ దారికి తగినట్లు బరువైన సాధనములను నిర్మించుచున్నారు. 2012లో స్థిరపడిన ఓపస్ అను పద్ధతి సెకనునకు 6 కిలోబిట్లతో కూడ మాటను మోయగలదు. విద్య లేక కాదు, చివరియింటివాని తలపు లేక మాట తెగుచున్నది. 1974లో 3.5 కిలోబిట్లతో మనుష్యులు మాటలాడిరి. నేడు అంతకు వందలరెట్లున్న తీగమీద మాట ముక్కలగుట ప్రకృతిధర్మము కాదు, ఏర్పాటులోని అశ్రద్ధ.

కావున పెద్దలారా, ఈసారి ఇంటర్నెట్టు తీగ వేయువాడు మీ గుమ్మమునకు వచ్చినప్పుడు, "వేగమెంత?" అని మాత్రమే అడిగి ఊరకుండకుడు. "వచ్చునదెంత? పోవునదెంత?" అని రెండును అడుగుడు. ఊరికి వచ్చిన అధికారిని గ్రామసభలో ఆ ప్రశ్నయే అడుగుడు. మన బిడ్డల గొంతు మనకు వినబడుట యెంత ముఖ్యమో, మన గొంతు వారికి వినబడుటయు అంత ముఖ్యము.